ఓపీ చీటీ దగ్గరే అందరి ముందూ అడగడమేంది? దీనికి రూల్స్ లేవా?

కావలి కుర్రోడు:
మా ఫ్రెండుకి 19 ఏళ్లు. ఒంటేలు పోసేటప్పుడు మంట, చీము కూడా పడుతోందంటే మా దగ్గర గవర్నమెంటు ఆసుపత్రికి తీసుకెళ్లా. చీటీ రాసేకాడే "ఏం కంప్లయింటు" అని లైన్లో అందరికీ వినపడేట్టు అడిగితే వాడు నోరు పెగలక కడుపునొప్పి అన్నాడు. లోపల డాక్టరు టేబుల్ చుట్టూ ఇంకో ఐదారుగురు. ఎట్టనో అసలు సంగతి చెప్తే పక్కనున్న నర్సు "పెళ్లయిందా? మీ నాన్నని తీసుకురా పో" అంది. వచ్చేసి మెడికల్ షాపులో ఏవో మాత్రలు తెచ్చుకున్నాడు.

పొదిలి అక్క:
తమ్ముడూ, 18 నిండాక నాన్న అక్కర్లేదు, పరీక్షకైనా మందుకైనా వాడి సమ్మతే చాలు. ఆ షాపు మాత్రలతో మంట తగ్గినట్టే ఉంటుంది, జబ్బు లోపలే ఉండిపోవచ్చు. పెద్దాసుపత్రిలో సురక్ష క్లినిక్ ఎక్కడని అడగండి, సుఖవ్యాధులకి మందుల కిట్ ఉచితం, హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేయించుకోమనండి. వాడితో కలిసిన మనిషికీ వైద్యం అందాలి, లేకపోతే మళ్లీ అంటుకుంటుంది. ఇక రూల్స్ అంటారా, 10 నుంచి 19 ఏళ్ల వాళ్ల కోసం కేంద్రం 2014లో రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం పెట్టింది, గోప్యత, తప్పుపట్టకుండా మాట్లాడటం అందులోవే. ఈ వయసు వాళ్ల వైద్యసేవలకి 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన ఎనిమిది ప్రమాణాల్లోనూ ఇవి ఉన్నాయి.

ఒంగోలు టీచర్:
18 లోపు పిల్లల సంగతే నాకు ఎక్కువ భయం. పోక్సో, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టం ప్రకారం ఆ వయసులో లైంగిక సంబంధం తెలిస్తే డాక్టరు పోలీసులకి చెప్పి తీరాలి, ఇష్టపడి కలిసినా సరే. ఆ భయంతోనే ఆడపిల్లలు ఆసుపత్రి గడప తొక్కకుండా నాటు మందులకి పోతున్నారు. గర్భస్రావం కేసుల్లో మైనరు, సంరక్షకులు కోరితే రిపోర్టులో పేరు, వివరాలు రాయనక్కర్లేదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ మాట ఎంతమంది తల్లులకి తెలుసు?

కనిగిరి వాసి:
కాయితాల మీద అన్నీ ఉన్నాయి సార్, చీటీ కిటికీ దగ్గరికే ఏదీ రాలేదు. డాక్టరుకి ట్రైనింగిచ్చి చీటీ రాసే మనిషిని వదిలేస్తే పిల్లోడు డాక్టరు దాకా చేరడు. డాక్టరు గదికో కర్రా కర్టెనూ పెట్టడానికి ఏ జీవో కావాలి? సూపరింటెండెంటుకి అర్జీ రాయండి, పేషెంటు పేరు రాయొద్దు.

కావలి కుర్రోడు:
రేపే తీసుకెళ్తా అక్కా. అక్కడ కూడా చీటీ దగ్గర చెప్పాలా?

పొదిలి అక్క:
చర్మవ్యాధుల ఓపీ అని రాయించుకోండి, మిగతాది లోపల డాక్టరుకే చెప్పమను. ముందే మాట్లాడాలంటే 1097కి, అదే ఎయిడ్స్ హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేయండి, పైసా పడదు.