రైఫిల్ గ్రెనేడ్‌ను సైన్యాలు తొందరపడి పక్కన పెట్టాయా?

చరిత్ర పిచ్చి: గ్రెనేడ్లు పేల్చడానికే చేసిన 40 మి.మీ. గొట్టాలు, అంటే లాంచర్లు వచ్చాక, రైఫిల్ మూతి దగ్గర పెట్టి పేల్చే రైఫిల్ గ్రెనేడ్ పని అయిపోయిందని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. 1916లో ఫ్రెంచివాళ్లు వాడిన వివియన్-బెస్సియర్‌నే తీసుకోండి. గ్రెనేడ్ మధ్యలో రంధ్రం ఉంటుంది. మామూలు తూటా అందులోంచి దూసుకుపోతూ ఫ్యూజును రాజేస్తుంది, వెనకొచ్చే గ్యాస్ గ్రెనేడ్‌ను ఎగరేస్తుంది. చేత్తో విసిరితే నలభై మీటర్లు దాటడమే గొప్ప, ఇది 150 మీటర్ల అవతల పడేది. ప్రత్యేక తూటా అక్కర్లేదు.

పాత బ్యారెల్: మంచి ఉదాహరణే ఏరుకున్నారు! అంతకుముందు బ్రిటిష్ వాళ్ల హేల్స్ గ్రెనేడ్ సంగతో? దాని కడ్డీని బ్యారెల్లోకి దూర్చి పేల్చేవాళ్లు. ఆ ఒత్తిడికి బ్యారెల్ పాడై, రైఫిల్ గురికి పనికిరాకుండా పోయేది. రెండో ప్రపంచ యుద్ధంలోనూ బెడద తీరలేదు. అమెరికా వాళ్ల గరాండ్ రైఫిల్ మూతికి గ్రెనేడ్ పేల్చే ఎం7 లాంచర్ తగిలిస్తే ఆ రైఫిల్ సెమీ ఆటోమేటిక్‌గా, అంటే తర్వాతి తూటాను తనంతట తానే ఎక్కించుకుంటూ, పనిచేయడం మానేసేది. పైగా బ్లాంక్ తూటా (మందే తప్ప గుండు లేనిది) వేరే పెట్టుకోవాలి. ఎదురుగా శత్రువున్నప్పుడు ఇదంతా ఎంత టెన్షనో ఊహించండి.

చరిత్ర పిచ్చి: బ్లాంక్ గొడవ బులెట్ ట్రాప్‌తో తీరిపోయింది కదండీ. తోకలో ఉన్న ట్రాప్ మామూలు తూటానే పట్టేస్తుంది. అసలు 1961లో అమెరికా సైన్యంలోకి వచ్చిన 40 మి.మీ. లాంచర్ ఎం79 మాత్రం ఏం ఒరగబెట్టింది? అది మోసేవాడికి రైఫిలే లేదు, నడుముకి పిస్టల్ తప్ప.

గురి: అందుకేగా ఎం203 వచ్చింది! రైఫిల్ కిందే లాంచర్, దేని ట్రిగ్గర్ దానిదే. గ్రెనేడ్ ఒక్కోటి పావు కిలో లోపే. సంచిలో డజను పెట్టుకుని పరుగెత్తొచ్చు. తోకా రెక్కలూ ఉన్న రైఫిల్ గ్రెనేడ్లు అన్ని పడతాయా?

చరిత్ర పిచ్చి: పట్టవు. కానీ 40 మి.మీ. గొట్టంలో 40 మి.మీ. గుండే పడుతుంది. రైఫిల్ గ్రెనేడ్ తల బ్యారెల్ బయటే ఉంటుంది కాబట్టి ఎంత లావైనా ఉండొచ్చు. బెల్జియం రైఫిల్ గ్రెనేడ్ ఎనర్గా 75 మి.మీ., ట్యాంకు కవచం మీదికే తయారైంది. పైగా లాంచర్ ఉన్నవాడి కోసం చూడక్కర్లేదు, దళంలో ఎవరైనా పేల్చొచ్చు. జపాన్ టైప్ 06 రైఫిల్ గ్రెనేడ్‌ను 2006లో ఊరికే తీసుకుందా?

పాత బ్యారెల్: ట్యాంకు మీదికైతే భుజం మీంచి పేల్చే రాకెట్లున్నాయి, ఎనర్గా ఎందుకు? మనుషుల మీదికైతే ఆ లావు దండగ. జపాన్ ఒక్కటే కనిపించింది మీకు. మిగతా సైన్యాలు చాలావరకు ఎటు వెళ్లాయో కూడా రాయండి.