నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ)లో యాభై ఏళ్ల పాత కోర్సుని కొత్త కోర్సుకి జత చేయాలా?

నల్లట్రంకు:
అమెరికాలో వెస్ట్ పాయింట్ ఆర్మీ అకాడమీ వాళ్లకి ఒక పద్ధతి ఉంది. యాభై ఏళ్ల క్రితం పాసైన బ్యాచ్‌ని ఇప్పటి బ్యాచ్‌కి జత చేస్తారు. మొదటి ఎండాకాలం ట్రైనింగ్ అయ్యాక కుర్రాళ్లు అకాడమీకి నడిచి వస్తుంటే, డెబ్బైకి దగ్గరపడ్డ ఆ పెద్దవాళ్లు కూడా కలిసి నడుస్తారు. నాలుగేళ్ల తర్వాత భుజం మీద పెట్టుకునే సెకండ్ లెఫ్టినెంట్ ర్యాంకు బార్లు ఇచ్చేదీ వాళ్లే. పాతవాళ్లో, వాళ్ల కుటుంబాలో ఇచ్చిన ఉంగరాల్ని కరిగించి కొత్త బ్యాచ్ ఉంగరాల బంగారంలో కలపడం 2002 బ్యాచ్‌తో మొదలైంది. మన ఎన్‌డీఏలో ఏటా రెండు కోర్సులు, అంటే రెండు బ్యాచ్‌లు, యాభై ఏళ్లకి వంద. 2025 మేలో బయటికొచ్చిన 148వ కోర్సుకి 48వ కోర్సు వస్తుంది. మనవాళ్లు గోల్డెన్ జూబ్లీకి పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో ఉన్న అకాడమీకి వెళ్తారు, ఫొటోలు దిగుతారు, వచ్చేస్తారు. అక్కడితో ఆపేయడం నాకు అన్యాయంగా అనిపిస్తోంది. మీరేమంటారు?

రిటైర్డ్_నేవీ:
తమ్ముడూ, నేను ఒప్పుకోను. కోర్స్‌మేట్ బంధం ఎవరో జత చేస్తే వచ్చింది కాదు, ఆరు టర్ములు ఒకే స్క్వాడ్రన్‌లో, అంటే సీనియర్లూ జూనియర్లూ కలిసుండే ఒకే హాస్టల్లో, ఒకడు తప్పు చేస్తే అందరూ రగడా (ఒళ్లు హూనమయ్యే పనిష్మెంటు) తిని, రాత్రి ఒకడి బూట్లు ఇంకొకడు పాలిష్ చేసిపెడితే వచ్చింది. ఆ తర్వాత ఆర్మీకని ఒకడు డెహ్రాడూన్, నేవీకని ఒకడు ఎజిమల, ఎయిర్ ఫోర్స్‌కని ఒకడు దుండిగల్ పోయినా అది తెగదు. 1949లో మొదలైన మొదటి కోర్సునే చూడు, జనరల్ రోడ్రిగ్స్, అడ్మిరల్ రామ్‌దాస్, ఎయిర్ చీఫ్ మార్షల్ సూరి ముగ్గురూ అందులోవాళ్లే, ముగ్గురూ తమ తమ దళాలకి చీఫ్‌లయ్యారు. 61వ కోర్సులో మనోజ్ పాండే, హరికుమార్, చౌదరి కూడా అంతే. బ్యాచ్‌ల్ని జత చేసే ఏ ప్రోగ్రామ్ చేసింది ఈ పని? సీనియర్ జూనియర్ల మధ్య లంకె అంటావా, దానికి స్క్వాడ్రన్ ఉంది. పైనుంచి రుద్దితే ఇంకో ఫంక్షన్ అవుతుంది, క్యాడెట్లకి ఒక ఆదివారం పోతుంది.

ప్రశ్న_అడుగుతా:
సార్, ఒకే కోర్సు వాళ్లు ఒకేసారి చీఫ్‌లవడం బంధం వల్ల కాదు కదా. దాదాపు ఒకే వయసు, ఒకే ఏడాది కమిషన్, సీనియారిటీ, రిటైర్మెంట్ వయసు అన్నీ కలిసొచ్చాయి. మూడు దళాల మధ్య ఫోన్ ఎత్తి పేరు పెట్టి మాట్లాడుకోవడానికి అది పనికొస్తుంది, అది ఒప్పుకుంటా. నా భయం వేరే. ఈ బంధం గట్టిపడేకొద్దీ 'మనవాడు' అనే మాట కూడా గట్టిపడుతుంది. ఒక పోస్టింగ్‌లో నాతోపాటు పనిచేసిన మంచి ఆఫీసరు ఒకరు ఆ అకాడమీ నుంచి కాక వేరే దారిలో వచ్చినందుకే సాయంత్రం కబుర్లలో బయట కూర్చున్నట్టు ఉండేవారు, నేను కళ్లారా చూశాను. దానికి ఇంకో యాభై ఏళ్ల గోడ కడదామా? ఇంకోటి, 148లో మొదటిసారి 17 మంది అమ్మాయిలు పాసయ్యారు. 48లో అంతా మగవాళ్లే. ఆ పెద్దలు వచ్చి మా రోజుల్లో ఇలా ఉండేది అని మొదలుపెడితే ఆ పిల్లలు ఏం వినాలి?

నల్లట్రంకు:
అన్నా, అమ్మాయిల సంగతిలో నేను ఉల్టా ఆలోచిస్తున్నా. 48వ కోర్సు పెద్దాయన ఒకరు ఆ పిల్ల భుజం మీద స్టార్ పెడితే, ఈ అకాడమీ నీది కూడా అని అంతకంటే గట్టిగా ఎవరు చెప్పగలరు? 'మనవాడు' గోడ గురించి మీరన్నది మాత్రం నిజం, దానికి నా దగ్గర జవాబు లేదు.

ఫౌజీచెల్లెలు:
నేను ఫౌజులో లేను, అయినా రాస్తున్నా. మా అన్నయ్య ఎన్‌డీఏ, డ్యూటీలో పోయాడు, ముప్పై ఏళ్లయింది. ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు నింపడానికి కోర్స్‌మేట్ ఒకాయన మా ఇంట్లో నేల మీద కూర్చుని ముందు పెన్సిల్‌తో రాసి, అమ్మకి చూపించి, తర్వాత పెన్నుతో దిద్దాడు. ఆయనకి తెలుగు రాదు, అమ్మకి హిందీ రాదు. అన్నయ్య పుట్టినరోజుకి ప్రతి ఏడాదీ ఫోన్ చేసేవాడు, నేర్చుకున్న రెండు ముక్కలే అడిగేవాడు, "అమ్మా, భోంచేశారా?" అని. అంతే, అమ్మ ఆ ఫోన్ కోసం పొద్దుట్నుంచే కూర్చునేది. పోయిన ఏడాది ఆయనా పోయాడు. కోర్సులో మిగిలినవాళ్లూ పెద్దవాళ్లయిపోయారు. అకాడమీలో అమరులైనవాళ్ల స్మారకం, హట్ ఆఫ్ రిమెంబరెన్స్‌లో అన్నయ్య పేరు ఉంది, చూశాను, చేత్తో తడిమాను. కానీ ఆ పేరు గల మనిషి నవ్వు ఎలా ఉండేదో తెలిసినవాళ్లు అయిపోతున్నారు. నేవీ సార్, మీరన్నట్టు బంధం కలిసి కష్టపడితేనే వస్తుంది, నిజమే. మరి ఆ కష్టపడినవాళ్లంతా పోయాక మా ఇంటికి ఫోన్ ఎవరు చేస్తారు? ఉంగరాలూ పెరేడ్లూ నాకొద్దు. కొత్త కోర్సులో ఒక్క పిల్లాడికో పిల్లకో ఆ పేరు అప్పగిస్తే చాలు.

రిటైర్డ్_నేవీ:
అమ్మా, ఈ వైపు నుంచి నేనెప్పుడూ ఆలోచించలేదు. ఏటా పెద్ద ఫంక్షన్ పెట్టడం మీద నా మాట మారలేదు, అది వద్దనే అంటాను. పేర్లు అప్పగించడం మాత్రం చేయాలి, దానికి హెడ్‌క్వార్టర్స్ ఆర్డరు కూడా అక్కర్లేదు, కోర్సు సెక్రటరీలు ఇద్దరు మాట్లాడుకుంటే సరిపోతుంది.

ప్రశ్న_అడుగుతా:
ఇలాగైతే నాకూ అభ్యంతరం లేదు. ఒక్క షరతు, మన అకాడమీ నుంచి రానివాళ్ల ఇళ్లని కూడా ఆ లిస్టులో పెట్టాలి.

రిటైర్డ్_నేవీ:
పెడదాం. ఫౌజీచెల్లెలు గారూ, అన్నయ్యగారి కోర్సు నంబరు, స్క్వాడ్రన్ నాకు విడిగా మెసేజ్ పెట్టండి. పుట్టినరోజు తేదీ కూడా.