అప్‌డేట్: అమ్మ దవడ కీలుకు హార్మోన్ ఇంజెక్షన్ గురించి

కావలిలో ఉంటున్న మా అమ్మకు దవడ కీలు అరిగినందుకు హార్మోన్ ఇంజెక్షన్ వేయించవచ్చా అని లోగడ అడిగాను. నెల్లూరులో నిపుణుడికి చూపించాము. ఆయన చెవి ముందు వేలు ఆనించి, నోరు తెరిపించి మూయించి, కరకరలాడే చోటును నా చేత కూడా తాకించారు. ఎముకలు గుల్లబారినవారు రోజుకు 20 మైక్రోగ్రాములు చర్మం కింద వేసుకునే టెరిపారటైడ్ అనే మందు మెడలోని పారాథైరాయిడ్ గ్రంథుల హార్మోన్‌లోని భాగమేనని, దవడ కీలుకు అది ఆమోదిత చికిత్స కాదని, కీలులోకి ఎక్కించే స్టెరాయిడ్ మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథుల హార్మోన్ తరహా మందని, అది వాపును తగ్గించినా పదేపదే వేస్తే కీలులోని మృదులాస్థి (మెత్తటి ఎముక) దెబ్బతినవచ్చని వివరించారు. పైగా షుగర్ ఉన్నవారికి ఈ స్టెరాయిడ్ వల్ల కొన్ని రోజులు షుగర్ పెరుగుతుందట. నన్నడిగితే ఈ మాట అందరికీ ముందే చెప్పాలి, అమ్మకు షుగర్ ఉంది. ప్రస్తుతానికి ఇంజెక్షన్ వద్దనుకుని, రాత్రి పళ్లకు పెట్టుకునే స్ప్లింట్ అనే తొడుగు, వేడి కాపడంతో నెట్టుకొస్తున్నాము. నొప్పి కొంత తగ్గింది, చేగోడీలు మాత్రం ఇంకా నిషిద్ధమే.