పారాథైరాయిడ్ హార్మోన్ ఇద్దరికీ ఎక్కువే, చికిత్స మాత్రం వేరెందుకు?

ప్రశ్న:
మా అమ్మకు 58 ఏళ్లు. రెండేళ్లలో రెండుసార్లు కిడ్నీలో రాళ్లు వచ్చాయి. రక్తపరీక్షలో క్యాల్షియం 11.6, పారాథైరాయిడ్ హార్మోన్ 148 ఉండటంతో, మెడలో ఒక చిన్న గ్రంథి పెరిగిందనీ ఆపరేషన్ చేయాలనీ డాక్టరు గారు చెప్పారు. ఉద్దానంలో ఉంటూ డయాలసిస్ చేయించుకుంటున్న మా మేనమామకు అదే హార్మోన్ 600 దాటినా మాత్రలే ఇస్తున్నారు. ఒకే జబ్బుకు ఇంత తేడా ఎందుకో దయచేసి చెప్పగలరు.

జవాబు 1:
రెండూ ఒకే జబ్బు కావండి. హార్మోన్ అంకె ఒక్కటే చూస్తే ఏమీ తేలదు, పక్కనే క్యాల్షియం ఎంత ఉందో చూడాలి. థైరాయిడ్ వెనుక బియ్యపు గింజంత గ్రంథులు సాధారణంగా నాలుగు ఉంటాయి. రక్తంలో క్యాల్షియం తగ్గినప్పుడు ఇవి హార్మోన్ వదిలి ఎముకల్లోంచి దాన్ని రప్పిస్తాయి, క్యాల్షియం పెరిగినప్పుడు హార్మోన్ తగ్గిపోవాలి. అమ్మగారికి క్యాల్షియం మామూలు హద్దు 10.5 దాటినా హార్మోన్ తగ్గలేదంటే లోపం గ్రంథిలోనే ఉండే అవకాశం ఎక్కువ. ఇది ప్రాథమిక రకం. ఇటువంటివారిలో నూటికి 80 మందికి పైగా ఒకే గ్రంథిలో క్యాన్సర్ కాని గడ్డ ఉంటుంది. చాలామందిలో కారణం తెలియదు. కొందరికి వంశపారంపర్యంగా, మెడకు రేడియేషన్ తగలడం వల్ల, ఏళ్ల తరబడి లిథియం (మానసిక జబ్బులకు ఇచ్చే మందు) వాడటం వల్ల వస్తుంది.

మేనమామ గారి విషయంలో మూలం కిడ్నీ. అది ఫాస్ఫేట్‌ను బయటికి పంపలేక, విటమిన్ డీని పనికొచ్చే రూపంలోకి మార్చలేక పోవడంతో క్యాల్షియం తగ్గుతుంది, దాన్ని నిలబెట్టడానికి నాలుగు గ్రంథులూ పెరుగుతాయి. ఇది ద్వితీయ రకం. అందుకే అమ్మగారికి ఆ గ్రంథికి ఆపరేషన్, ఆయనకు మాత్రలు.

జవాబు 2:
మా నాన్నగారు తొమ్మిదేళ్లు డయాలసిస్‌లో ఉన్నారు. తిండిలోని ఫాస్ఫేట్‌ను అడ్డుకునే మాత్రను ఆయన భోజనమైన గంటకు వేసుకునేవారు, అన్నంతోపాటే వేసుకోవాలని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. చివరికి గ్రంథులు అదుపు తప్పి, క్యాల్షియం కూడా పెరగడం మొదలైంది. దానిని తృతీయ రకమన్నారు, ఆపరేషన్ తప్పలేదు. మీ మేనమామ గారి క్యాల్షియం ప్రతిసారీ రాసి పెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అమ్మకు విటమిన్ డీ 12 మాత్రమే ఉంది. బంధువులు ఇంజెక్షన్ వేయించమంటున్నారు.

జవాబు 1:
సొంతంగా వద్దండి. విటమిన్ డీ లోపం వల్ల కూడా హార్మోన్ పెరుగుతుంది కాని, ఆ ఒక్క కారణంతో క్యాల్షియం పెరగదు. క్యాల్షియం కొలుస్తూ మోతాదు నిర్ణయించవలసింది డాక్టరు గారే. 24 గంటల మూత్రంలో క్యాల్షియం పరీక్ష జరిగిందో లేదో కూడా అడగండి, ఎందుకంటే ఆపరేషన్ అక్కర్లేని ఒక వంశపారంపర్య స్థితి అచ్చం ఇలాగే కనిపిస్తుంది. పొద్దున మొదటి మూత్రం వదిలేసి, అప్పటినుంచి మర్నాడు అదే వేళ వరకు అంతా డబ్బాలో పట్టాలి.