పిల్లల ముందు మన ఏడుపు, కోపం దాచుకోవాలా వద్దా?

గుంటూరు అమ్మ: మా పాప ఐదో క్లాసు అండి. మావారికి షాపులో నష్టమొచ్చింది, ఇంట్లో ఒకటే టెన్షన్. అత్తయ్యేమో పిల్ల ముందు కళ్ళనీళ్ళు పెట్టుకోకు దడుచుకుంటుంది అంటారు, మావారేమో దాచడం ఎందుకు రేపు దానికీ కష్టాలు తప్పవు కదా తెలియనీ అంటారు. ఎవరిది రైటు?

సిక్కోలు నాన్న: దాచాలండి, ఇందులో డౌటే లేదు. అప్పులోళ్ళు ఇంటిమీదకొచ్చి అరిచి వెళ్ళిన సంగతి మా నాన్న మాకు తెలీనివ్వలేదు, మా చదువులయ్యాక ఎప్పుడో తెలిసింది. పదేళ్ళ పిల్లకి వడ్డీ లెక్కలెందుకు?

అంగన్‌వాడీ టీచరు: దాచినా తెలిసిపోద్దండి. 1970ల్లో ఎడ్వర్డ్ ట్రానిక్ అని అమెరికా సైకాలజిస్టు ఒక ప్రయోగం చేశారు, నెలల బిడ్డతో ఆడుతున్న తల్లిని కాసేపు మొహంలో ఏ భావం లేకుండా బిడ్డనే చూస్తూ కూర్చోమన్నారు. బిడ్డ నవ్వి చూస్తుంది, చేతులు చాపుతుంది, అమ్మ పలక్కపోయేసరికి మొహం తిప్పేసుకుని ఏడుపు మొదలెడుతుంది. మాటలు రాని బిడ్డకే తెలిస్తే ఐదో క్లాసు పిల్లకి తెలీదా? కారణం చెప్పకపోతే నేనేదో చేశాను అందుకే అమ్మ ఇలా ఉంది అనుకుంటారు పిల్లలు, నాకు భయం దానికే.

సిక్కోలు నాన్న: అయితే అన్నీ చెప్పేయాలా? మా వీధిలో మొగుడూపెళ్ళాం గొడవపడి, తర్వాత ఇద్దరూ విడివిడిగా పిల్లాడి దగ్గరే చెప్పుకుని ఏడుస్తారు. ఆ పిల్లాడు ఎవరివైపు మాట్లాడాలో తెలీక ట్యూషన్ అయిపోయినా ఇంటికెళ్ళడు.

అంగన్‌వాడీ టీచరు: అది అన్యాయమే, అందులో మీతో వాదన లేదు. పాపకి ఎంత అప్పు, ఎవరికి అన్నది అక్కర్లేదు. "షాపు గురించి నాన్నకి దిగులుగా ఉంది, నీ వల్ల కాదు, మేం చూసుకుంటాం", ఇంతే చాలు. విసుగులో అరిచేస్తే మాత్రం అది పడుకునేలోపు దగ్గరికెళ్ళి "నీ మీద కోపం కాదమ్మా" అనండి, తెల్లారి చెబుదాంలే అని వదిలేయొద్దు.

కరీంనగర్ అన్న: మా దిక్కు ఇంకో సంగతుంది. మగోడు ఏడ్వొద్దంటరు గని ఎంతయినా అరవొచ్చు. భయమైనా అరుపే, దిగులైనా అరుపే. పొలగాడు గదే చూసి నేర్సుకుంటడు, మార్కులు తక్కువొస్తే వాడు గూడ తలుపు దబ్బున ఏస్తడు, అప్పుడు మల్ల వాన్నే కొడ్తరు. నాయిన "నాకు భయమైతుంది" అని ఒక్కసారన్న అంటే ఆ పిలగానికి ఎంత నయం!

సిక్కోలు నాన్న: నాన్నకే భయమని తెలిస్తే పిల్ల ఎవర్ని పట్టుకుని పడుకుంటుంది అన్నా? నేను మాత్రం ఒప్పుకోను.

గుంటూరు అమ్మ: మావారు అరవరండి, అసలు మాట్లాడరు. రాత్రిళ్ళు నిద్ర లేదు, అన్నం సరిగా తినట్లేదు.

అంగన్‌వాడీ టీచరు: అమ్మా, అయితే ముందు ఆయన సంగతి చూడండి. టెలి మానస్ అని మనసు బాగోలేనివాళ్ళకి సాయం చేసే ఫోన్ లైను ఉంది, కేంద్ర ప్రభుత్వానిది, 2022లో మొదలైంది, 14416కి ఫోన్ చేస్తే ఫ్రీగా మాట్లాడతారు, రాత్రయినా పర్లేదు, తెలుగులోనే. ఆయన చేయనంటే మీరే చేసి ఏం చేయాలో అడగండి. అత్తయ్యగారిని కూడా కూర్చోబెట్టి పాప అడిగితే ముగ్గురూ ఒకే మాట చెప్పేలా అనుకోండి, మీరు దిగులుగా ఉందని చెప్పాక ఆవిడ ఏం లేదులేవే అంటే పాప ఇద్దర్నీ నమ్మదు.