పాత 070 మిషన్‌కు కాపీ కిట్ వేయించాలా, ఒరిజినల్ సామాను కోసం ఆగాలా?

దేవరకొండ_అడితి:
అందరికీ నమస్తే. మాది కట్టెల అడితి. బాపు కొన్న జర్మనీ స్టిల్ కంపెనీ 070 చెట్లు కోసే మిషన్ ఇంకా వాడుతున్నాం. ఈ మధ్య చింత మొద్దు, వేప మొద్దు పెడితే బలం చాలడం లేదు. చల్లగా ఉన్నప్పుడు తాడు గుంజితే స్టార్ట్ అవుతుంది, వేడెక్కి ఆగిందంటే మళ్లీ అందుకోదు. ఒక్కోసారి మనం ఇవ్వకుండానే రేసు పెరుగుతుంది. మెకానిక్ సైలెన్సర్ విప్పి చూసి, పిస్టన్‌కు గీతలు పడ్డాయి, సిలిండర్‌తో సహా మార్చాలన్నాడు. కాపీ కిట్ (వేరే కంపెనీ పిస్టన్, సిలిండర్ జత) అయితే రేపే వేస్తాడట. ఒరిజినల్ కావాలంటే ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేడట. ఏం చేయమంటారు? కొత్త మిషన్ కొనమని మాత్రం చెప్పకండి.

హాలియా_బత్తాయి:
కొత్త మిషన్ కొనండి.

పాలమూరు_మెకానిక్:
అన్నా, రేసు దానంతట అదే పెరుగుతోంది అన్నారు చూడండి, అసలు రోగం అది. ఎక్కడి నుంచో గాలి లాగుతోంది. ఎక్కువసార్లు క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) చుట్టూ ఉండే రబ్బరు ఆయిల్ సీలే గట్టిపడి ఉంటుంది. టూ స్ట్రోక్‌లో నూనె పెట్రోల్‌తో కలిసే పోతుంది కాబట్టి, గాలి పెరిగిందంటే పెట్రోల్‌తో పాటు నూనె కూడా తగ్గినట్టే. పిస్టన్ ఎండి గీతలు పడేది అందుకే. సీళ్లు మార్చకుండా మీరు జర్మనీ నుంచి కిట్ తెప్పించి వేసినా పిస్టన్ మళ్లీ సిలిండర్‌లో పట్టేస్తుంది.

సామాను దొరకదని భయపడకండి. బేరింగ్ పక్కన నంబర్ కొట్టి ఉంటుంది. 6203 అంటే లోపల 17, బయట 40, మందం 12 మిల్లీమీటర్లు. ఏ కంపెనీది కొన్నా అదే కొలత. క్రాంక్‌కు మాత్రం సీ3 అని రాసి ఉన్నది అడగండి, వేడికి కాస్త వదులు ఉండాలి. సీల్ మీద కూడా కొలత ఉంటుంది, చెరిగిపోతే వెర్నియర్‌తో కొలిపించండి. ఆ కాగితం పట్టుకుని సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్తే మధ్యాహ్నానికి పని అయిపోతుంది. టిల్లోట్సన్ కంపెనీ కార్బొరేటర్ డయాఫ్రం (లోపలి పలుచటి పొర) కిట్ కూడా దొరుకుతుంది, దాన్ని తప్పకుండా మార్చండి. ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ వచ్చిన తర్వాత పాత డయాఫ్రంలు, రబ్బరు పైపులు తొందరగా గట్టిపడుతున్నాయి. మీది స్పార్క్ కోసం పాయింట్లు ఉన్న పాత మోడల్ అయితే గ్యాప్ 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్ల మధ్య పెట్టించండి. కండెన్సర్ పోతే రాజ్‌దూత్‌ది, యెజ్డీది వేసి నడిపించిన మిషన్లు మా దగ్గర ఉన్నాయి.

ఇక కిట్ సంగతి. కాపీది అసలు పనికిరాదని నేను అనను. వేసేముందు సిలిండర్ పోర్టుల (గోడలో గాలి, పొగ పోయే రంధ్రాల) అంచులు వేలితో తడిమి చూడాలి. పదునుగా ఉంటే రింగు తగులుకుని విరుగుతుంది, సన్నటి ఎమరీతో నున్నగా చేయాలి. పిస్టన్ పిన్ను జారకుండా పట్టే సర్‌క్లిప్పులు కిట్‌తో వచ్చినవి పారేసి మంచివి వేయాలి. లీటరు పెట్రోల్‌కు 40 మిల్లీలీటర్ల నూనె పోయండి. అంతే.

ఒరిజినల్_ఒక్కటే:
40 ఎక్కడి లెక్క? నూనె డబ్బా మీద యాభైకి ఒకటి అని రాసి ఉంది, అంటే లీటరుకు 20. మీరు చెప్పినట్టు పోస్తే సైలెన్సర్ రంధ్రం మసితో మూసుకుపోతుంది, రింగులు అతుక్కుపోతాయి. మా ఇంట్లో మూడు పాత మిషన్లున్నాయి. కాపీ సామాను వేసిన ఒక్కటే పాడైంది. సర్‌క్లిప్ ఊడి సిలిండర్ గోడను నిలువునా చీల్చింది. కాపీ వద్దంటే వద్దు.

పాలమూరు_మెకానిక్:
కాపీ సర్‌క్లిప్ పారేయమని నేను పైన రాశాను. చదివి మాట్లాడండి. మీరు చెప్పే 20 ఆ కంపెనీ సొంత నూనెకు. కిరాణా కొట్టు పక్కన దొరికే టూ స్ట్రోక్ నూనెకు పాతికకు ఒకటి పోయాలి. లీటరుకు 20 పోసి, మిషన్ పట్టేసిందని ఏడుస్తూ వచ్చేవాళ్లను చూస్తూనే ఉన్నాను.

ఒరిజినల్_ఒక్కటే:
మంచి నూనె వాడేవాడికి 40 అని ఎందుకు చెప్పాలి?

పాలమూరు_మెకానిక్:
మంచి నూనె వాడుతున్నానని ఆయన ఎక్కడైనా అన్నాడా?

కల్వకుర్తి_లేత్:
ఇద్దరూ చెప్పేది ఒకటే కదా. కంపెనీ నూనె అయితే 20, వేరేది అయితే 40.

ఒరిజినల్_ఒక్కటే:
ఒకటి కాదు.

నల్లమల_నీడ:
ముందు ఆ చింత చెట్టు కొట్టడానికి వాల్టా (చెట్ల రక్షణ చట్టం) పర్మిషన్ ఉందా?

దేవరకొండ_అడితి:
పర్మిషన్ ఉన్న కట్టెనే కొంటాం సార్. నేను నూనె గురించి కూడా అడగలేదు. కిట్ గురించి అడిగాను. ఒరిజినల్ వేయించమనే వాళ్లు అది ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పండి.

హాలియా_బత్తాయి:
పది కిలోలు దాటిన బరువు, చైన్ బ్రేకు లేదు. పొరపాటున బార్ కొస తగిలి ఎగిరితే మొహం మీదికే వస్తుంది. మా పాత బత్తాయి తోట మొత్తం చిన్న మిషన్‌తోనే తీసేశాం, ఎవరి నడుమూ నొప్పి పెట్టలేదు. చెప్పడం నా వంతు.

దేవరకొండ_అడితి:
బత్తాయి మొద్దు వేరు, చింత మొద్దు వేరు. మావి రెండు చేతులు చాచినా అందని మొద్దులు. 106 సీసీ ఇంజన్, .404 రకం లావు చైన్ ఉన్న మిషన్ చేసే పని చిన్న మిషన్ చేయదు.

ఒరిజినల్_ఒక్కటే:
ఎక్కడ దొరుకుతుంది అంటారా? పాలమూరు మెకానిక్ గారిని అడగండి. ప్రతి రిపేరు షాపులో అటక మీద బస్తాలకు బస్తాలు పాత ఒరిజినల్ సామాను ఉంటుంది. ఆ బస్తాలు ఎలా నిండుతాయో కూడా ఆయన్నే చెప్పమనండి.

పాలమూరు_మెకానిక్:
ఏందన్నా ఆ మాటకు అర్థం?

ఒరిజినల్_ఒక్కటే:
అర్థం అయ్యే ఉంటుంది.

పాలమూరు_మెకానిక్:
లేదు, విప్పి చెప్పండి. దొంగ అనాలనుకుంటే సూటిగా అనండి. మిషన్ తెచ్చి పడేసి ఏడాదైనా తిరిగి చూడనివాళ్లు ఎంతమందో మీకు తెలుసా? ఫోన్ చేస్తే ఎత్తరు. షాపు కిరాయి నేను కట్టుకోవాలి. రోజంతా కూర్చుని క్రాంక్ విప్పి బిగిస్తే, కూలీ దగ్గర రెండు వందలకు బేరం. అదే మనిషి కొత్త మిషన్ కొనేటప్పుడు షోరూంలో నోరెత్తడు. ఆ బస్తాల్లో సామానే లేకపోతే ఈ జిల్లాలో పాత మిషన్ ఒక్కటి కూడా నడవదు.

ఒరిజినల్_ఒక్కటే:
సరే, చెప్తాను. షాపు పేరు అనవసరం. మా మిషన్ పట్టేసిందని ఇచ్చాను. సిలిండర్ పోయింది, పారేయడమే అన్నాడు. కాపీ కిట్ వేశాడు, ఇందాక చెప్పిన సర్‌క్లిప్ కిట్ అదే. పాత సిలిండర్ అడిగితే పాత ఇనుము వాళ్లకు వేశానన్నాడు. తర్వాత ఒక సామిల్లులో మిషన్ మీద అదే సిలిండర్ చూశాను. సిలిండర్‌ను చల్లబరిచే రెక్కల్లో పై నుంచి మూడో రెక్క మూల విరిగి ఉంటుంది. చెట్టు మీద నుంచి పడ్డప్పుడు నా కళ్ల ముందే విరిగింది. పారేయాల్సిన సిలిండర్ సామిల్లులో ఎలా తిరుగుతోంది? నాకు కాపీ మీద కోపం కాదు. నా ఒరిజినల్‌తో ఇంకొకడి మిషన్ బాగుచేసి, నా దగ్గర కాపీకి డబ్బులు తీసుకున్నారు.

నల్లమల_నీడ:
అమ్మో.

పాలమూరు_మెకానిక్:
రెక్క విరగని 070 ఉంటుందా అన్నా? నా దగ్గరికి వచ్చిన వాటిలో సగానికి విరిగే ఉంటాయి.

ఒరిజినల్_ఒక్కటే:
మూడో రెక్క, ఎడమ మూల. నా మిషన్ నాకు తెలియదా?

కల్వకుర్తి_లేత్:
గొడవ మధ్యలో దూరుతున్నాను, అడితి ఆయనకు పనికొస్తుందని. పోయిందన్న సిలిండర్లన్నీ పోయినవి కావు. పిస్టన్ అల్యూమినియం కరిగి గోడకు అంటుకుంటుంది, చూడ్డానికి గీతల్లా ఉంటుంది. గోరుతో గీకి చూడండి. ఎత్తుగా తగిలితే అంటుకున్న అల్యూమినియం, పల్లంగా తగిలితే లోపలి క్రోమ్ పూత లేచిపోయినట్టు. అంటుకున్నదే అయితే కాస్టిక్ సోడా నీళ్లు దూదితో ఆ మచ్చ మీద మాత్రమే అద్ది తుడిస్తే కరిగిపోతుంది. క్రోమ్ పూతను సోడా ఏమీ చేయదు. పోర్టుల అంచులు అల్యూమినియమే, వాటికి తగలనివ్వొద్దు. బాత్రూం యాసిడ్ పోయమని కొందరు చెప్తారు, పోయకండి, అది క్రోమ్‌ను కూడా తింటుంది. గ్లౌజులు, కళ్లద్దాలు లేకుండా ఈ పని ముట్టుకోవద్దు. పూత లేచిపోతే బోరింగ్ (లోపలి గోడ తరిగి పెద్దది చేయడం) కోసం నా దగ్గరికి తేవొద్దు, పూత ఉన్న సిలిండర్‌కు బోరింగ్ కుదరదు.

ఒరిజినల్_ఒక్కటే:
చూశారా. నాదీ అంటుకున్న అల్యూమినియమే అయి ఉంటుంది. వాళ్లు తుడిచి అమ్ముకున్నారు.

పాలమూరు_మెకానిక్:
అయి ఉండొచ్చు. ఆ పని చేసినవాడిని నేను వెనకేసుకు రాను. నా పద్ధతి చెప్తాను. విప్పిన ప్రతి సామాను సంచిలో వేసి బిల్లుతో పాటు ఇస్తాను. నూటికి తొంభై మంది ఈ చెత్త మాకెందుకు, నువ్వే పారేయ్ అని కౌంటర్ మీదే వదిలి వెళ్తారు. వదిలేసిన తర్వాత అది నాది. దాన్ని తుడిచి, కొలిచి, ఏళ్ల తరబడి దాచినందుకు ధర తీసుకుంటాను. తప్పేముంది?

ఒరిజినల్_ఒక్కటే:
వదిలేసేవాడికి దాని విలువ చెప్పారా? ఇది తుడిస్తే పనికొస్తుంది అని ఒక్క మాట చెప్తే ఎవడైనా వదులుతాడా?

పాలమూరు_మెకానిక్:
తుడిచే కూలీ ఇమ్మంటే ఇస్తారా? కాపీ కిట్ ఎంత, తుడవడానికి ఎంత అని లెక్క వేసి కిట్టే వేయమంటారు. రెండూ కావాలంటే ఎట్లా?

ఒరిజినల్_ఒక్కటే:
చెప్పి చూడండి. ఇస్తారో లేదో తర్వాత తేలుతుంది.

దేవరకొండ_అడితి:
ఒక్క నిమిషం. మా మెకానిక్ పాత సిలిండర్ తనకే ఇచ్చేస్తే కాపీ కిట్‌లో కొంత తగ్గిస్తానన్నాడు. నేను మంచివాడనుకున్నాను.

హాలియా_బత్తాయి:
హహహ.

పాలమూరు_మెకానిక్:
తగ్గిస్తానని ముందే చెప్పాడంటే మంచివాడే. అయినా ఇవ్వకండి. ఇంటికి తెచ్చుకుని లేత్ అన్న చెప్పినట్టు గోరుతో గీకి చూడండి. సీళ్లు మాత్రం ముందు మార్పించండి.

ఒరిజినల్_ఒక్కటే:
ఈ ఒక్క మాటకు ఒప్పుకుంటాను. నూనె 20.

దేవరకొండ_అడితి:
సాయంత్రం వెళ్లి సిలిండర్ తెచ్చుకున్నాను. ఒక పక్కన ఎత్తుగా, ఇంకో పక్కన పల్లంగా తగులుతోంది. పూత పోయినట్టే ఉంది. ఒరిజినల్ గారూ, ఆ రెక్క విరిగిన సిలిండర్ ఉన్న సామిల్లు వాళ్లు అమ్ముతారేమో కనుక్కుంటారా? నంబర్ ఇక్కడ పెట్టొద్దు, విడిగా పంపండి. ధర మాట్లాడుకుంటాను.

ఒరిజినల్_ఒక్కటే:
అది నా సిలిండర్ అండీ!