ఉపమా, రూపకమా? 'ముఖపద్మం' దగ్గర ఆగిపోయాను

పాపతో టెట్:
టెట్‌కి, అంటే ఉపాధ్యాయ అర్హత పరీక్షకి, చదువుతున్నాను. అలంకారాల్లో 'వలె, లాగా, వంటి' ఉంటే ఉపమ (పోలిక చెప్పడం), లేకపోతే రూపకం (రెండూ ఒకటే అనడం) అని గుర్తు పెట్టుకుని బిట్లు చకచకా పెట్టేస్తున్నాను. 'వాడు పులిలా దూకాడు' ఉపమ, 'వాడు పులి' రూపకం. ఇంతవరకు బాగానే ఉంది.

నిన్న ఒక మోడల్ పేపర్లో 'ఆమె ముఖపద్మం వికసించింది' అన్నది రూపకం అని కీలో ఇచ్చారు. అదే పేపర్లో 'కరకమలములు' వస్తే 'కమలముల వంటి కరములు' అని విగ్రహవాక్యం (సమాసాన్ని విప్పి చెప్పే మాట) రాసి ఉపమాన ఉత్తరపద కర్మధారయం (పోలికగా తెచ్చిన పదం రెండోదిగా ఉండే సమాసం) అన్నారు. రెండు మాటలూ ఒకే అచ్చులో ఉన్నాయి, రెండింట్లోనూ 'వలె' లేదు. మరి ఒకదానికే 'వంటి' ఎలా వచ్చింది? కీ తప్పా?

బిట్ బ్యాంక్ బాబాయ్:
కీ తప్పే అయ్యుంటుంది, ఆ మెటీరియళ్ళు సగం అంతే. 'లాగా' లేకపోతే రూపకం పెట్టేయండి. ఒక్క మార్కు కోసం టెన్షన్ ఎందుకు.

పల్లెటూరి పండిట్:
బాబాయ్ గారూ, కీ సరిగ్గానే ఉంది. మీ సూత్రం తేలిక బిట్లను గట్టెక్కిస్తుంది, అసలైన చోట ముంచుతుంది.

'వాన పడేలా ఉంది' అంటాం. 'లా' ఉంది, పోలిక ఏదీ? 'మా తమ్ముడు నాలాగే పొట్టి' అన్నప్పుడు పోలిక ఉంది కానీ అలంకారం లేదు. ఉన్నమాట చెప్పారంతే, చమత్కారం ఏముంది అందులో? 'ఆ మేడలు ఆకాశాన్ని తాకుతున్నాయా అన్నట్లున్నాయి' అంటే అది ఊహ, ఉత్ప్రేక్షలోకి పోతుంది. ఇటు చూస్తే 'తేనెపలుకులు'లో 'వంటి' కనపడదు, అయినా తేనె వంటి పలుకులే. ఉపమేయం (దేన్ని పోలుస్తామో అది), ఉపమానం (దేనితో పోలుస్తామో అది), సమానధర్మం (రెండింటికీ ఉండే గుణం), ఉపమావాచకం ('వలె, వంటి' లాంటి పోలిక మాట) నాలుగూ ఉంటే పూర్ణోపమ. వీటిలో ఏది లోపించినా లుప్తోపమ. వాచకం లేనంత మాత్రాన రూపకం అయిపోదు.

ఇక అమ్మాయి అడిగిన సంగతి. ఇలాంటి సమాసాన్ని రెండు రకాలుగానూ విప్పుకోవచ్చు. 'పద్మం వంటి ముఖం' అంటే ఉపమ, 'ముఖమనే పద్మం' అంటే రూపకం. ఏది పట్టుకోవాలో సమాసం ఒక్కదాన్నీ చూస్తే తేలదమ్మా, వాక్యంలో క్రియ చూడాలి. ఆ పని ఎవరిదో అడగండి. వికసించడం పద్మం పని. అంటే ముఖం అక్కడ పద్మమే అయిపోయింది, కాబట్టి రూపకం. మన ఊళ్ళలో శిలాఫలకాల మీద 'మంత్రివర్యుల కరకమలములచే శంకుస్థాపన' అని చెక్కిస్తారు చూడండి. శంకుస్థాపన చేసేది చెయ్యి. కమలం తాపీ పట్టదు. అక్కడ చెయ్యే ముఖ్యం, కమలం దానికి పోలిక మాత్రమే, కాబట్టి ఉపమ. (ఆ చేతులు నిజంగా కమలాల్లా ఉన్నాయా అన్నది వ్యాకరణం తేల్చే విషయం కాదు.)

'సంసారసాగరాన్ని ఈదుతున్నాం' తీసుకోండి. ఈదేది సాగరాన్నే, కాబట్టి రూపకం. అదే 'ముఖపద్మాన్ని ముద్దాడాడు' అని మార్చండి, ఉపమ అయిపోతుంది. ముద్దు పెట్టేది ముఖానికి కదా.

భేదం మరుగునపడిన ఉపమే రూపకం అని దండి తన సంస్కృత అలంకార గ్రంథం కావ్యాదర్శంలో చెప్పాడు. రెండూ అంత దగ్గరివి కాబట్టే పరీక్షలు పెట్టేవాళ్ళకు ఇవంటే అంత ఇష్టం.

బిట్ బ్యాంక్ బాబాయ్:
కమలం తాపీ పట్టదు 😄 ఇది నోట్సులో రాసుకున్నాను మాస్టారూ.

పాపతో టెట్:
ధన్యవాదాలు మాస్టారూ. క్రియ చూడాలని ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. కానీ వాక్యం లేకుండా ఒట్టి 'ముఖపద్మం' ఇచ్చి ఏ సమాసం అని అడిగితే ఏం పెట్టాలి? ఇంకొకటి కూడా. మా పాప పడుకున్నప్పుడు మా అత్తయ్య 'బంగారుకొండ పడుకుంది' అంటారు. ఇది రూపకమేనా?

పల్లెటూరి పండిట్:
ఒట్టి 'ముఖపద్మం' ఇస్తే ఉపమాన ఉత్తరపద కర్మధారయం పెట్టండి, బడి వ్యాకరణాల్లో అదే వాడుక. 'జ్ఞానజ్యోతి', 'సంసారసాగరం' లాంటివి వస్తే రూపక సమాసం.

'పాప బంగారుకొండ' అంటే రూపకం, పాపా ఉంది, కొండా ఉంది. మీ అత్తయ్యగారి వాక్యంలో పాప మాటే లేదు. ఉపమానం ఉపమేయాన్ని మింగేసింది. అప్పయ్య దీక్షితులు తన అలంకార గ్రంథం కువలయానందంలో దీన్ని రూపకాతిశయోక్తి అంటారు. టెట్‌లో అంత లోతుకు వెళ్తారని అనుకోను. ఒకవేళ ఇస్తే, ఆప్షన్లలో అతిశయోక్తి ఉందేమో చూసి అప్పుడు రూపకం జోలికి వెళ్ళండి.